ఫిలిప్ వాన్ ఫెరారీ

ఫిలిప్ వాన్ ఫెరారీ (1850 జనవరి 11 - 1917 మే 20) పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో పారిస్ నగరంలో నివసించి, ప్రపంచంలోని అన్ని దేశాల తపాలా బిళ్ళలను సేకరించిన సుప్రసిద్ధ సంగ్రాహకుడు. ఒక వ్యక్తి స్వయంగా సమకూర్చిన సేకరణలలో ఇంతకంటే సమగ్రమైనది అంతకు పూర్వం గాని, ఆ తరువాత గాని లేదని ఈ రంగంలోని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ళ, స్వీడన్ పసుపుపచ్చ మూడు స్కిల్లింగు బిళ్ళ వంటి ఏకైక ప్రతులు ఒకే సమయంలో ఒకే వ్యక్తి చేతిలో ఉండడం ఇతని విషయంలోనే జరిగింది. తన సేకరణ చెదరకుండా ఒకచోట నిలిచి ఉండాలని కోరి, దానిని బెర్లిన్ నగరంలోని తపాలా ప్రదర్శనశాలకు వీలునామా ద్వారా వ్రాసి ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం కారణంగా ఆ కోరిక నెరవేరలేదు. ఫ్రెంచి ప్రభుత్వం సేకరణను శత్రుదేశస్థుని ఆస్తిగా స్వాధీనం చేసుకొని, 1921 మొదలుకొని 14 విడతలుగా వేలం వేసింది.

ఇతని పేరు వివిధ గ్రంథాలలో వివిధ రూపాలలో కనిపిస్తుంది. ఇటలీవారు ఫిలిప్పో డి ఫెరారీ అనీ, ఫ్రెంచివారు ఫిలిప్ ఫెరారీ డి లా రెనోతియేర్ అనీ, జర్మన్ భాషలో ఫిలిప్ వాన్ ఫెరారీ అనీ వ్రాస్తారు. ఈ పేర్ల తేడా కేవలం ఉచ్చారణకు సంబంధించినది కాదు. ఇతడు ఏ దేశపు పౌరుడు అన్న ప్రశ్నకు ఇతని సేకరణ భవితవ్యంతో దగ్గరి సంబంధం ఉంది.

కుటుంబ నేపథ్యం

ఫెరారీ పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి రఫాయేల్ డి ఫెరారీ ఇటలీలోని జెనోవా నగరానికి చెందిన ధనికుడు, గల్లియేరా డ్యూక్ బిరుదాంకితుడు. యూరపులో రైలుమార్గాలు వేగంగా విస్తరిస్తున్న కాలంలో వాటికి పెట్టుబడులు సమకూర్చి అపారమైన సంపద గడించినవారిలో ఆయన ఒకడు. జెనోవా ఓడరేవు అభివృద్ధికి 2 కోట్ల లీరాలు విరాళంగా ఇచ్చాడు. 1876లో మరణించాడు.

తల్లి మరియా బ్రిన్యోలే సాలే జెనోవా నగరంలోని ప్రాచీన ప్రభువంశానికి చెందినది. దానగుణానికి పేరు పొందిన వనిత. తన పూర్వీకుల భవనమైన పలాజ్జో రొస్సోను, అందులోని చిత్రపటాలతో సహా, 1874లో జెనోవా నగరానికి ధారపోసింది. పారిస్ నగరంలో ఆమె ధనంతో నిర్మించిన గల్లియేరా భవనం తరువాతి కాలంలో దుస్తుల చరిత్రకు సంబంధించిన ప్రదర్శనశాల అయింది. అనాథలకు, వృద్ధులకు ఆమె కట్టించిన ఆశ్రయాలు కూడా ఉన్నాయి. తల్లిదండ్రులు ఇరువురూ తమ ఆస్తిని ప్రజోపయోగానికి శాశ్వతంగా నిలిచేటట్లు ఇవ్వడం అలవాటుగా గలవారు కాబట్టి, కుమారుడు తన సేకరణను ఒక ప్రదర్శనశాలకు ఇవ్వాలని తలచడం వింత కాదు.

ఈ కుటుంబం పారిస్ నగరంలో సుప్రసిద్ధమైన మాతిన్యోఁ భవనంలో నివసించేది. ఫ్రాన్సు పూర్వపు రాజవంశానికి వారసుడైన పారిస్ కౌంటుకు డచెస్ ఇదే భవనంలో నివాసం కల్పించింది. 1886 మే నెలలో ఆయన కుమార్తెకు పోర్చుగల్ యువరాజుతో వివాహం నిశ్చయమైన సందర్భంగా ఇక్కడ ఘనమైన విందు జరిగింది. గణతంత్ర ప్రభుత్వం దీనిని సవాలుగా భావించి, మరుసటి నెలలోనే పూర్వ రాజవంశాల వారసులను దేశం నుండి బహిష్కరిస్తూ చట్టం చేసింది. 1888లో డచెస్ మరణించినపుడు మాతిన్యోఁ భవనం ఆస్ట్రియా చక్రవర్తికి సంక్రమించి, ఆ దేశపు రాయబార కార్యాలయం అయింది. ఫెరారీ మాత్రం ఆ భవనంలోని ఒక భాగంలోనే నివాసం కొనసాగించాడు. ఆ విధంగా ప్రపంచంలోని అతి విలువైన తపాలా బిళ్ళల సేకరణ, పారిస్ నడిబొడ్డున, పరదేశపు రాయబార కార్యాలయపు కప్పు క్రింద పెరిగింది.

పౌరసత్వం

ఫెరారీ తన తండ్రి బిరుదును ధరించడానికి ఇష్టపడలేదు. డ్యూక్ కుమారుడిగా తనకు లభించవలసిన హోదాను వదులుకొని, లా రెనోతియేర్ వాన్ క్రీగ్స్‌ఫెల్డ్ అనే ఆస్ట్రియా సైనికాధికారికి దత్తపుత్రుడై, ఆస్ట్రియా పౌరసత్వం స్వీకరించాడు. జననం చేత ఇటలీ కుటుంబానికి, నివాసం చేత ఫ్రాన్సుకు, పౌరసత్వం చేత ఆస్ట్రియాకు చెందిన వ్యక్తి అయ్యాడు. శాంతికాలంలో దీనివలన ఎవరికీ ఇబ్బంది కలుగలేదు. యూరపు ధనిక కుటుంబాలలో ఇటువంటి స్థితి అరుదు కూడా కాదు. 1914 తరువాత మాత్రం ఇదే అతని జీవితకాలపు శ్రమకు ముప్పు తెచ్చింది.

సేకరణ ప్రారంభం

ప్రపంచంలో మొట్టమొదటి తపాలా బిళ్ళ 1840లో ఇంగ్లండులో వెలువడింది. అంటే ఫెరారీ జన్మించే నాటికి తపాలా బిళ్ళల వయస్సు కేవలం పదేళ్ళు. చిన్నతనంలోనే అతనికి వీటిపై ఆసక్తి కలిగింది. ఏకాంతప్రియుడైన బాలునికి ఇది మంచి కాలక్షేపమని తల్లి కూడా ప్రోత్సహించింది. ఈ రంగంలో ప్రవేశించడానికి అది అనువైన కాలం. తరువాత వేల పౌండ్లు పలికిన బిళ్ళలు ఆనాడు పాత ఉత్తరాల కట్టలలో, పిల్లల ఆల్బములలో పడి ఉండేవి.

అతని చుట్టూ ఉన్న పారిస్ వాతావరణం కూడా ఇందుకు తోడ్పడింది. తపాలా బిళ్ళల తొలి ముద్రిత జాబితాలలో ఒకటి 1861లో పారిస్ నగరంలోనే ఆల్ఫ్రెడ్ పోతికే ప్రకటించాడు. ఫిలాటెలీ అనే మాటను 1864లో పారిస్ వాసి జార్జ్ ఎర్పాఁ సృష్టించాడు. బిళ్ళల అంచున ఉండే రంధ్రాలను కొలిచే పద్ధతిని 1866లో లెగ్రాఁ అనే పారిస్ వైద్యుడు ప్రవేశపెట్టాడు. అంతవరకు చాలామంది బిళ్ళపైని బొమ్మ, వెల, రంగు మాత్రమే చూసేవారు. కాగితపు రకం, దానిలోని నీటిముద్ర, అంచు రంధ్రాల సంఖ్య వేరైతే అది వేరే బిళ్ళగా లెక్కించాలనే దృష్టిని ఫ్రెంచి సంప్రదాయం అంటారు. ఈ దృష్టితో చూస్తే ఒకే బొమ్మ గల బిళ్ళ నాలుగైదు వేర్వేరు బిళ్ళలుగా విడిపోతుంది. సేకరించవలసినవి అనేక రెట్లు పెరుగుతాయి. ఫెరారీ ఈ సంప్రదాయంలోనే పెరిగాడు. పైగా ఒక దేశానికో, ఒక ఖండానికో పరిమితం కాకుండా, ప్రపంచంలో వెలువడిన ప్రతి బిళ్ళ, దాని ప్రతి భేదంతో సహా, తన వద్ద ఉండాలని సంకల్పించాడు.

కొనుగోళ్ళు

ఫెరారీ విడి బిళ్ళలనే కాక, ఇతరుల సేకరణలను మొత్తంగా కొనేవాడు. వీటిలో ముఖ్యమైనది ఇంగ్లండుకు చెందిన న్యాయమూర్తి ఫ్రెడరిక్ ఫిల్‌బ్రిక్ సేకరణ. దీనిని 1882లో 8,000 పౌండ్లకు కొన్నాడు. ఒక తపాలా బిళ్ళల సేకరణకు అంత పెద్ద మొత్తం అంతకు ముందు ఎవరూ చెల్లించలేదు. ఫిల్‌బ్రిక్ లండన్ ఫిలాటెలిక్ సంఘ స్థాపకులలో ఒకడు, శాస్త్రీయ దృష్టి గల సంగ్రాహకుడు. అటువంటి వ్యక్తి సంవత్సరాల తరబడి ఏరి కూర్చినదంతా ఒక్క కొనుగోలుతో పారిస్ చేరింది. ఇటువంటి కొనుగోళ్ళలో ఒకే బిళ్ళకు అనేక ప్రతులు చేతికి వచ్చినా, మంచి ప్రతిని ఎంచుకొని తక్కినవి అమ్మివేసే అలవాటు అతనికి అంతగా లేదు. అందువలన అతని వద్ద అరుదైన బిళ్ళలకు సైతం ఒకటికి మించి ప్రతులు చేరాయి.

పారిస్ వర్తకుడైన పియేర్ మాఎ అనేక సంవత్సరాలు ఇతనికి సలహాదారుగా, సేకరణకు సంరక్షకుడుగా పనిచేశాడు. యూరపులోని ప్రధాన వర్తకులందరూ తమకు దొరికిన అపురూపమైన బిళ్ళను మొట్టమొదట ఫెరారీకి చూపేవారు. అతడు బేరమాడేవాడు కాదు. వెల చెల్లించడంలో జాప్యం చేసేవాడూ కాదు. స్వయంగా నగరాలు తిరిగి, దుకాణాలలోనే అక్కడికక్కడ సొమ్ము చెల్లించి కొనేవాడు. తపాలా బిళ్ళల వర్తకం ఒక స్థిరమైన వృత్తిగా నిలబడడానికి ఇతని కొనుగోళ్ళు చాలా తోడ్పడ్డాయి. బిళ్ళలతో పాటు ప్రాచీన నాణేలను కూడా ఇతడు సేకరించాడు కాని, ఆ విషయం ఫిలాటెలీ కీర్తి మాటున మరుగున పడింది.

ప్రసిద్ధమైన బిళ్ళలు

ఫెరారీ సంపాదించినవాటిలో లోకప్రసిద్ధమైనది 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ళ. ఇంగ్లండు నుండి రావలసిన బిళ్ళలు సకాలంలో అందకపోవడంతో, అక్కడి తపాలా అధికారి జార్జిటౌన్‌లోని స్థానిక వార్తాపత్రిక ముద్రణాలయంలో తాత్కాలికంగా కొన్ని బిళ్ళలు ముద్రింపజేశాడు. ముదురు గులాబి రంగు కాగితంపై నల్లని సిరాతో ఓడ బొమ్మ ముద్రించారు. సులభంగా నకలు చేయగల ముద్రణ కావడంతో, తపాలా ఉద్యోగులు బిళ్ళపై తమ పొడి అక్షరాలు వ్రాయాలని నియమం పెట్టారు. ఈ ఒక సెంటు బిళ్ళకు మిగిలిన ప్రతి ఒక్కటే. 1873లో వెర్నన్ వాన్ అనే పన్నెండేళ్ళ బాలుడు ఇంట్లోని పాత కాగితాలలో దీనిని కనుగొని, స్థానిక సంగ్రాహకునికి ఆరు షిల్లింగులకు అమ్మాడు. మూలలు కత్తిరించి ఉండడం వలన చూపుకు అంత అందమైనది కూడా కాదు. కొన్ని చేతులు మారి లివర్‌పూల్ వర్తకుడు థామస్ రిడ్‌పాత్ వద్దకు చేరిన ఈ బిళ్ళను ఫెరారీ 1878 ప్రాంతంలో 150 పౌండ్లకు కొన్నాడు.

రెండవది స్వీడన్ దేశపు 1855 నాటి మూడు స్కిల్లింగు బిళ్ళ. ఇది నీలాకుపచ్చ రంగులో ఉండవలసినది. ముద్రణలో జరిగిన పొరపాటు వలన ఎనిమిది స్కిల్లింగుల బిళ్ళకు వాడే పసుపుపచ్చ రంగులో వెలువడింది. ఈ లోపం గల ప్రతి కూడా ఒక్కటే లభించింది. ఒక పాఠశాల విద్యార్థి తన అమ్మమ్మగారి ఇంట్లోని పాత ఉత్తరాలలో దీనిని చూసి 7 క్రోనులకు అమ్మాడు. వియన్నా వర్తకుడు సిగ్మండ్ ఫ్రీడల్ ద్వారా 1894లో ఇది 4,000 గుల్డెన్లకు ఫెరారీకి చేరింది.

1847లో మారిషస్ ద్వీపంలో వెలువడిన పోస్టాఫీసు బిళ్ళలు కూడా ఇతని వద్ద ఉండేవి. ఒక పెన్నీ, రెండు పెన్నీల వెలలలో ఒక్కొక్కటి 500 మాత్రమే ముద్రించిన ఈ బిళ్ళలలో తెలియవచ్చిన ప్రతులు ముప్పైకి లోపే. 1851 నాటి హవాయి ద్వీపపు మిషనరీ బిళ్ళలు కూడా అతని సేకరణలో చేరాయి.

సేకరణ అమరిక

ఒక సేకరణను కూర్చడం ఒక ఎత్తు, దానిని క్రమంలో పెట్టడం మరొక ఎత్తు. మొదటిదానిలో ఫెరారీకి సాటి లేదు. రెండవదానిలో అతడు అంత శ్రద్ధ చూపలేదనే చెప్పాలి. సేకరణను క్రమపరచే పని చాలావరకు మాఎ వంటి సంరక్షకులకు వదలివేశాడు. అతని జీవితకాలంలో సేకరణకు సమగ్రమైన జాబితా ఏదీ ప్రచురితం కాలేదు. అతని వద్ద ఏమేమి ఉండేవో లోకానికి వివరంగా తెలిసింది వేలం కోసం తయారుచేసిన జాబితాల వలననే.

ఈ విషయంలో అతని సమకాలికుడైన థామస్ టాప్లింగ్‌తో పోల్చి చూడడం ఉపయోగకరం. ఇంగ్లండు పార్లమెంటు సభ్యుడైన టాప్లింగ్ (1855 - 1891) సేకరణ ఆ కాలంలో ఫెరారీ సేకరణ తరువాత స్థానంలో ఉండేది. అతడు 35 ఏళ్ళకే మరణించినా, తన సేకరణను బ్రిటిష్ మ్యూజియానికి వ్రాసి ఇచ్చాడు. ఎడ్వర్డ్ బేకన్ అనే నిపుణుడు కొన్ని సంవత్సరాలు శ్రమించి దానిని దేశాల వారీగా, కాలక్రమంలో పుటలకు ఎక్కించాడు. తరువాత బ్రిటిష్ లైబ్రరీకి చేరిన ఈ సేకరణ, పందొమ్మిదవ శతాబ్దపు మహా సేకరణలలో చెక్కుచెదరకుండా మిగిలిన ఒకే ఒక్కటిగా ప్రసిద్ధి పొందింది. సంఖ్యలోను, అరుదైన బిళ్ళలలోను ఫెరారీదే పైచేయి. కాని విద్యార్థులు, పరిశోధకులు చూసి నేర్చుకొనగలిగినది టాప్లింగ్ సేకరణనే.

ప్రపంచ సేకరణ ఎంత కష్టతరమో గ్రహించడానికి ఒక్క దేశాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. రష్యా పాలనలో ఉన్న పోలండు రాజ్యం 1860 జనవరి 1న పది కోపెక్కుల బిళ్ళ ఒకటి వెలువరించింది. నీలం, గులాబి రంగులలో ముద్రించిన ఈ బిళ్ళ 1865లో రద్దయి, రష్యా బిళ్ళలే వాడుకలోకి వచ్చాయి. కనుక ఫెరారీ యౌవనంలో పోలండు పుట తెరిచిన సంగ్రాహకునికి కావలసిన ప్రధానమైన బిళ్ళ ఒక్కటే. అయితే దానిలోనే ముద్రణ ఛాయలు, పట్టణాలను సంఖ్యలతో సూచించే తపాలా ముద్రలు, కవరుపై ఉన్నది, విడిగా ఉన్నది అంటూ విభజిస్తూ పోతే ఆ ఒక్క బిళ్ళతోనే అనేక పుటలు నింపవచ్చు. ఆ తరువాత సుమారు 50 ఏళ్ళపాటు ఆ పుట మారలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుండి జర్మన్ ఆక్రమిత ప్రాంతంలో జర్మనీ బిళ్ళలపై అదనపు ముద్ర వేసి వాడారు. 1918లో పోలండు స్వతంత్రమయ్యాక, వార్సాలో ఒక విధంగా, క్రాకోవ్‌లో ఆస్ట్రియా బిళ్ళలపై అదనపు ముద్రలతో మరొక విధంగా తాత్కాలిక బిళ్ళలు వెలువడ్డాయి. దేశంలో రెండు రకాల ద్రవ్యం చెలామణిలో ఉన్నందువలన 1919లో ఉత్తర ప్రాంతానికి మార్కులలో, దక్షిణ ప్రాంతానికి క్రోనులలో వేర్వేరుగా బిళ్ళలు ముద్రించవలసి వచ్చింది. ఒక్క పోలండు సేకరణనే సక్రమంగా అమర్చాలంటే రష్యా, జర్మనీ, ఆస్ట్రియా దేశాల తపాలా చరిత్ర తెలిసి ఉండాలి. ఇటువంటి చిక్కులు దేశదేశానికీ పెరగడంతో, ప్రపంచం మొత్తాన్ని ఒకే వ్యక్తి సేకరించే పద్ధతి వెనుకబడి, ఒక దేశాన్నో ఒక కాలాన్నో ఎంచుకొని లోతుగా సేకరించే పద్ధతి బలపడింది. ఆ లెక్కన ఫెరారీ తన మార్గంలో దాదాపు చివరివాడు.

నకిలీ బిళ్ళలు

ఫెరారీ ఉదారంగా కొంటాడన్న సంగతి మోసగాళ్ళకు కూడా తెలుసు. ఎన్నడూ వెలువడని బిళ్ళలను, రంగు మార్చిన బిళ్ళలను, కల్పిత ముద్రణ లోపాలను అతని కోసమే తయారుచేసి అమ్మినవారు ఉన్నారు. ఇటువంటి వింత సరుకుకు సంగ్రాహకుల మధ్య ఫెరారితే అనే వాడుక పేరు కూడా ఏర్పడింది. అతనికి పరిజ్ఞానం లేక మోసపోయాడని కొందరు అంటారు. అనుమానం ఉన్నా, నిజమైనదేమో అన్న చిన్న అవకాశాన్ని సైతం వదులుకోలేక కొనేవాడని మరికొందరు అంటారు. అతడు ఎంచుకొన్న గమ్యాన్ని బట్టి చూస్తే రెండవ మాటే సమంజసంగా తోస్తుంది. ఒక్కటి కూడా తప్పిపోకూడదని అనుకున్నవాడు పది నకిలీలకు సొమ్ము చెల్లించడానికి సిద్ధపడక తప్పదు.

యుద్ధం, వీలునామా

1914లో యుద్ధం ఆరంభం కాగానే ఫ్రాన్సు, ఆస్ట్రియా శత్రుదేశాలయ్యాయి. ఫెరారీ తాను పుట్టి పెరిగిన నగరంలోనే శత్రుదేశస్థుడయ్యాడు. 1915 జనవరిలో అతడు వీలునామా వ్రాసి, తన తపాలా బిళ్ళల సేకరణను బెర్లిన్ నగరంలోని జర్మన్ తపాలా ప్రదర్శనశాలకు ఇచ్చాడు. దాని నిర్వహణకు కొంత ధనాన్ని కూడా కేటాయించాడు. బెర్లిన్ ప్రదర్శనశాల ఆ కాలంలో తపాలా విషయాలకు యూరపులో అగ్రస్థానంలో ఉండేది కాబట్టి, సంగ్రాహకునిగా ఆలోచిస్తే ఆ నిర్ణయం అర్థం చేసుకోదగినదే. కాని యుద్ధం నడుస్తున్న రోజులలో, పారిస్ నగరంలో ఉన్న ఆస్తిని జర్మన్ ప్రభుత్వ సంస్థకు వ్రాయడం ఎంత ప్రమాదకరమో అతడు గ్రహించినట్లు లేదు.

యుద్ధకాలంలోనే ఫెరారీ పారిస్ విడిచి, తటస్థ దేశమైన స్విట్జర్లాండు చేరాడు. సేకరణను వెంట తీసుకొనిపోవడం అతనికి సాధ్యపడలేదు. 1917 మే 20న లోజాన్ నగరంలో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 67 సంవత్సరాలు. అతడు వివాహం చేసుకోలేదు. సేకరణ పారిస్ లోనే ఉండిపోయింది.

స్వాధీనం, వేలం

యుద్ధం ముగిసిన తరువాత ఫ్రెంచి ప్రభుత్వం శత్రుదేశాల పౌరుల ఆస్తులను స్వాధీనపరచుకొనే నిబంధనల క్రింద ఈ సేకరణను తీసుకుంది. బెర్లిన్ ప్రదర్శనశాలకు వీలునామా ప్రకారం రావలసిన హక్కు చెల్లలేదు. దీనిని అమ్మగా వచ్చిన సొమ్మును జర్మనీ చెల్లించవలసిన యుద్ధ నష్టపరిహారంలో జమకట్టాలని నిర్ణయించారు. సేకరణను మొత్తంగా కొనగల వ్యక్తి గాని, సంస్థ గాని ఆనాడు లేకపోవడంతో దానిని భాగాలుగా విడదీశారు.

1921 జూన్ నెలలో పారిస్ నగరంలోని ప్రసిద్ధ వేలంశాల ఓతెల్ ద్రువోలో మొదటి విడత వేలం జరిగింది. ఆ తరువాత కొన్ని సంవత్సరాలలో మొత్తం 14 విడతలు జరిగాయి. వీటి ద్వారా సుమారు 3 కోట్ల ఫ్రాంకులు వచ్చాయి. ఐరోపా, అమెరికా దేశాల నుండి వర్తకులు, సంగ్రాహకులు తరలివచ్చారు. న్యూయార్కు రాష్ట్రంలోని యూటికా నగరానికి చెందిన వస్త్ర పరిశ్రమ అధిపతి ఆర్థర్ హైండ్, అమెరికాకే చెందిన ఆల్ఫ్రెడ్ లిక్టెన్‌స్టైన్, ఆల్సాస్ ప్రాంతపు పొగాకు పరిశ్రమ అధిపతి మోరిస్ బుర్రుస్ వీరిలో ప్రముఖులు. 1922 ఏప్రిల్‌లో జరిగిన వేలంలో బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ళను హైండ్ దక్కించుకున్నాడు. దానికి అతడు చెల్లించినది 30,000 డాలర్లకు పైబడిన మొత్తం. 150 పౌండ్లకు కొన్న బిళ్ళ 44 సంవత్సరాలలో ఆ స్థాయికి చేరింది. స్వీడన్ పసుపుపచ్చ బిళ్ళ ఒక స్వీడన్ బారన్ చేతికి వెళ్ళింది.

ఈ వేలం వలన ఫిలాటెలీకి లాభమా, నష్టమా అన్న చర్చ చాలాకాలం సాగింది. 40 ఏళ్ళకు పైగా ఒక భవనంలో బందీలైన బిళ్ళలు విడుదలై, అనేక దేశాల ప్రత్యేక సేకరణలకు ప్రాణం పోశాయన్నది నిజం. ఫెరారీ బ్రతికి ఉన్నంతకాలం అరుదైన బిళ్ళ ఏదైనా మార్కెట్టుకు రావడమే కష్టంగా ఉండేది. మరొక వైపు, ప్రపంచంలో తొలి 75 సంవత్సరాల తపాలా బిళ్ళలన్నిటినీ ఒకచోట పరిశీలించే అవకాశం మళ్ళీ ఎన్నటికీ రాకుండా పోయింది. మరణించిన వ్యక్తి కోరికను త్రోసిపుచ్చడం న్యాయమా అన్న ప్రశ్న కూడా ఉంది. అతడు ఏ సైన్యానికీ సేవ చేసినవాడు కాదు, ఆయుధం పట్టినవాడు కాదు.

బెర్లిన్ చేరి ఉంటే సేకరణ భద్రంగా ఉండేదని కూడా నిశ్చయంగా చెప్పలేము. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ ప్రదర్శనశాల భవనం బాంబుదాడులలో దెబ్బతిన్నది. అక్కడి అతి విలువైన మారిషస్, హవాయి బిళ్ళలు యుద్ధం చివర మాయమై, 1970 దశకంలో అమెరికాలో బయటపడి, 1990లో గాని జర్మనీకి తిరిగి చేరలేదు.

తరువాతి చరిత్ర

1921లో బ్రిటన్‌లో ఫిలాటెలీ మహనీయుల పట్టిక ప్రారంభించినపుడు, అప్పటికే గతించిన ఫెరారీ పేరును ఈ విద్యకు పితామహులైనవారి వరుసలో చేర్చారు. అతని సేకరణను ముక్కలుగా అమ్మడం మొదలైన సంవత్సరం కూడా అదే.

ఫెరారీ నివసించిన మాతిన్యోఁ భవనాన్ని కూడా యుద్ధానంతరం ఫ్రెంచి ప్రభుత్వం వశపరచుకుంది. 1935 నుండి అది ఫ్రాన్సు ప్రధానమంత్రి కార్యాలయం, అధికార నివాసంగా ఉంది.

స్వీడన్ పసుపుపచ్చ బిళ్ళ కొంతకాలం రుమేనియా రాజు రెండవ కారొల్ వద్ద ఉండి, 1996లో జ్యూరిచ్ వేలంలో 28 లక్షలకు పైబడిన స్విస్ ఫ్రాంకులకు అమ్ముడై ఆనాటికి రికార్డు స్థాపించింది. బ్రిటిష్ గయానా బిళ్ళ 1980లో 9,35,000 డాలర్లకు, 2014లో సుమారు 95 లక్షల డాలర్లకు, 2021లో సుమారు 83 లక్షల డాలర్లకు చేతులు మారింది.

అరుదైన బిళ్ళలను వేలానికి పెట్టేటప్పుడు అవి పూర్వం ఎవరెవరి వద్ద ఉండేవో తెలిపే వరుసను జాబితాలో ముద్రించడం ఆచారం. ఆ వరుసలో ఫెరారీ పేరు ఉంటే బిళ్ళ గౌరవం, వెల రెండూ పెరుగుతాయి. ఫెరారీ తన బిళ్ళలలో కొన్నిటి వెనుక వైపు మూడు రేకుల ఆకు ఆకారంలో చిన్న గుర్తు ముద్రించేవాడు. బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ళ వెనుక, ఆ తరువాతి యజమానుల గుర్తులతో పాటు, ఈ ఆకు గుర్తు కూడా కనిపిస్తుంది.